గూడ్సు బండికి అవతల పెళ్లి

మొదటి పెట్టె మొక్కజొన్న,
రెండో పెట్టె రంపపు పొట్టు,
మూడో పెట్టెలో మా మావయ్య
ముసుగుతన్ని పడుకున్నాడు...

నాలుగో పెట్టెలో ఏముందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడంలేదు. ఏదో తీపి వస్తువే. చిన్నప్పుడు మెంఫిస్‌లో మా వీధి ఆడపిల్లలం పట్టాల పక్కన ఎదురెదురుగా నిలబడి, చేతులు చరుచుకుంటూ పాడేవాళ్లం. గూడ్సు బండి ఎంత పొడుగుంటే పాట అంత పొడుగు. ఆఖరి పెట్టె దాటిపోయేదాకా తడబడకుండా పాడిన పిల్ల గెలిచినట్టు. నేనెప్పుడూ గెలవలేదు. బండికేసి చూస్తూ పాట మర్చిపోయేదాన్ని. అంత బరువు అంత సులువుగా ఎలా జరిగిపోతుందా అని నాకు వింత. ఇప్పటికీ వింతే.

ఇప్పుడు నా ఇల్లు ఆ పట్టాల పక్కనే, గేటుకి ఆనుకుని. పెద్దవయసులో చర్చి కింది గదిలో నాలుగక్షరాలు నేర్చుకున్నాక, వసారాలో కూచుని పెట్టెల మీద రాసిన పేర్లు కూడబలుక్కోవడం నాకు భలే సరదా అయింది. బండి పరుగెడితే నాకు అందదు. ఆగితే చదువుకుంటాను. అందుకని గేటుకి అడ్డంగా గూడ్సు ఆగిపోయినప్పుడల్లా వీధంతా తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే లోపల్లోపల సంతోషపడేదాన్ని. మా వాడ పిల్ల కార్లెట్ పెళ్లి రోజున మాత్రం నేనూ తిట్టాను.

జూన్ నెల, శనివారం, మధ్యాహ్నం ఎండ. బండి వచ్చి ఆగింది. మా ఊళ్లో బండి ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో దాన్ని ఆపినవాడికే తెలీదు. అటు కనుచూపు మేరా పెట్టెలే, ఇటూ పెట్టెలే. ఆ వెనకాలే వచ్చి ఆగింది మా చర్చి పెద్ద డీకన్ ఓడెల్ పొడుగాటి కారు. ముందు సీట్లో పెళ్లికూతురి పిన్ని ఆర్నెటా, వెడల్పాటి ఊదారంగు టోపీతో. వెనక సీటంతా తెల్లటి బట్ట. ఆ బట్ట మధ్యలో ఎక్కడో కార్లెట్.

చర్చి ఎక్కడో దూరాన లేదు. బండికి అవతలే. పెట్టెల నెత్తిన గోపురం మొన కనపడుతూనే ఉంది. పెళ్లికొడుకు లిండెల్ అక్కడ నిలబడి ఉన్నాడు. అతను మిసిసిపీ నది మీద సరుకు నింపిన బార్జీలు తోసే పడవలో పనివాడు. పడవ ఆ సాయంత్రమే కిందికి, న్యూ ఆర్లీన్స్ వైపు వెళ్లిపోవాలి. వెళ్తే మళ్లీ నెల దాటాకే. పోయిన నెలలో పెళ్లి పెట్టుకుంటే పడవ పొగమంచులో చిక్కుకుని అతను రాలేకపోయాడు. పెళ్లి లేకుండానే మేమంతా కేకు తిని ఇంటికొచ్చాం. కార్లెట్ మాత్రం ఆ రోజు కేకు ముట్టలేదు. ఈసారీ తప్పితే ఇక నన్నెవరూ పెళ్లి పేరెత్తి పిలవొద్దు అని పిన్నితో అందట.

"వంతెన మీంచి పోదామంటే దాన్ని తవ్వి పెట్టారు," అన్నాడు ఓడెల్ మెడ తుడుచుకుంటూ. "మిగతా గేట్లన్నిటికీ ఈ బండే అడ్డం. ఇనెజ్ అక్కా, నీ వసారాలో కాస్త నీడ ఉందా?"

నీడా ఉంది, చల్లటి తీపి టీ ఉంది, హోషియా పెట్టిగ్రూ కూడా ఉన్నాడు. ప్రతి శనివారం మా పేముకుర్చీలో కూచుని మా టీ తాగి మాకే కోతలు కోయడం అతనికి అలవాటు. ఆ రోజు పెళ్లికని ఆవాల రంగు సూటు వేసుకుని, చర్చికి నడవబోతూ ఆగిపోయాడు.

ఆర్నెటా నా ఫోన్లోంచి చర్చికి కబురు చేసింది. "వాణ్ణి అక్కడే కూచోబెట్టండి పాస్టర్ గారూ, ఇటు రానివ్వకండి," అని అరిచింది. "చర్చిలో తప్ప పిల్లని చూడకూడదు. పోయినసారి పడవెక్కే ముందు గౌనులో ఉండగా గుమ్మంలో చూసిపోయాడు, ఏమైందో చూశారుగా!"

"పాస్టర్నే ఇటు రమ్మంటే?" అన్నాడు ఓడెల్.

"ఆయన పొట్ట రెండు పెట్టెల మధ్య పడుతుందా?" అంది ఆర్నెటా.

అందరం నవ్వాం, కార్లెట్ తప్ప. ఆ పిల్ల బండికేసే చూస్తోంది. "నేను పడతాను," అంది.

అంటే పెట్టెల మధ్యలోంచి దూరి పోతానని. మా వాడలో అందరూ చేసే పనే అది. పక్కనున్న నిచ్చెన పట్టుకుని ఎక్కి, రెండు పెట్టెల్ని కలిపే ఇనప కొక్కెం మీద కాలు వేసి, అవతల దిగిపోవడం. బడికి అలాగే పోయాం, పనికి అలాగే పోయాం, నేనైతే కూరగాయల సంచీతో సహా దూరిన రోజులున్నాయి. అందుకే వద్దని ఎవరి నోటా గట్టిగా రాలేదు. ఆర్నెటా కూడా, "గ్రీజు అంటుకుంటుందే, గౌను కాస్త పైకి కట్టుకో," అందంతే.

అప్పుడు హోషియా గ్లాసు కింద పెట్టాడు.

"వెళ్దువుగాని తల్లీ. కూర్చో. గ్రీజు అంటే గుర్తొచ్చింది, ఒక్క మాట చెప్తాను, విని పో."

"బాబాయ్, టైము..."

"ఒక్క మాటే. ఇలాంటి ఎండే ఆ రోజు. పిట్టలు కూడా ఎగరడం మానేసి నడిచి పోతున్నాయి. నేను గుట్ట యార్డులో డ్యూటీలో ఉన్నాను. నీకు తెలుసుగా, ఇంజిను పెట్టెల్ని గుట్ట మీదికి తోస్తుంది, పైన కొక్కెం ఊడదీస్తే ఒక్కో పెట్టే తనంతట తనే జారి తన పట్టా మీదికి పోతుంది. అట్లా పైనుంచి ఒక పెట్టె వస్తోంది, నిండా పుచ్చకాయలు, బ్రేకు పట్టలేదు. కింద ఏముందీ? బెల్లప్పాకం ట్యాంకు. గుద్దిందంటే దక్షిణ మెంఫిస్ అంతా పుచ్చకాయ జామే. అందరూ పరుగో పరుగు. నేనేం చేశానో తెలుసా? బూటు విప్పి చక్రం కింద పెట్టాను."

"ఆగిందా?" అన్నాడు ఓడెల్.

"ఆగకపోతే నువ్వీ పూట జాములో ఈదుతుండేవాడివి. ఒక్క కాయ పగల్లేదు."

"ఏ సైజు బూటు అన్నయ్యా అది?" అంది ఆర్నెటా.

"బూటుదేముంది ఆర్నెటా, గొప్పంతా అది తొడిగిన పాదానిది."

ఇక్కడిదాకా నమ్మొచ్చు. చక్రం కింద ఆనికలు పెట్టి పెట్టెల్ని ఆపడం యార్డులో నిజంగానే ఉంది. కార్లెట్ కూడా మెట్టు మీద కాస్త ఆనుకుని కూచుంది, లేవడానికి వీలుగా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పుచ్చకాయల పెట్టె నన్ను వదిలితేనా! డాలస్ పంపితే తిరిగొచ్చింది, చికాగో పంపితే తిరిగొచ్చింది. పొద్దున్నే తలుపు తీసి చూస్తే గేటు దగ్గర నిలబడి ఉండేది, తోక ఊపడమే తక్కువ. సరే, దానికి నోరు ఊరుకుంటుందా? దేశంలో ఉన్న పెట్టెలన్నిటికీ చెప్పింది, మెంఫిస్‌లో హోషియా అని ఒకడున్నాడు, చెయ్యి చాలా మెత్తన అని. అంతే! ఆ రోజునుంచీ ఏ పెట్టె ఏ ఊరికి పోవాలన్నా మెంఫిస్ మీదుగా అయితేనే కదుల్తానని మొరాయించడం మొదలెట్టింది. లేకపోతే చెప్పు, ఇన్ని కంపెనీల బండ్లు అన్నీ మన ఊరికే ఎందుకొచ్చి చస్తున్నాయి?"

"నేను నది కోసమనుకున్నాను," అన్నాడు ఓడెల్.

"నది సంగతి తర్వాత చెప్తాను. దానికీ నాకూ వేరే లెక్కుంది."

బండికి అవతల చర్చిలో ఆర్గన్ మొదలైంది. జనం విసుక్కోకుండా ఏదో ఒకటి వాయిస్తున్నారు. కార్లెట్ లేచి నిలబడింది. హోషియా కూడా లేచాడు, కుర్చీ తీసుకుని. ఎండ పడుతోందంటూ ఆ కుర్చీని మెట్లకి దగ్గరగా జరుపుకున్నాడు. ఎండ ఎక్కడ పడుతోందో నాకు కనపడలేదు.

"అసలు కష్టం అప్పుడొచ్చింది తల్లీ, కూర్చో. పెట్టెలన్నీ వస్తే ఏమవుతుంది? బండి పొడుగవుతుంది. ఎంత పొడుగంటే, ఇంజిను టెనసీ పొలిమేర దాటి, మిసిసిపీ రాష్ట్రంలో వంపు తిరిగి, నది దాటి అర్కాన్సాలోకి పోయి, మళ్లీ పైన నది దాటి ఇటు తిరిగేసరికి, ఎదురుగా ఇంకో బండి తోక కనపడింది. డ్రైవరుకి ఒళ్లు మండింది. ఎవడ్రా నా ముందు నత్తలా పోతున్నాడని కూత పెట్టాడు. ముందున్న బండి పక్కకి తప్పుకోలేదు. ఇంకా గట్టిగా కూత పెట్టాడు. వెనకాల ఎవడో నన్ను తొందర పెడుతున్నాడని తోక పెట్టెలో ఉన్న గార్డు జెండా ఊపి తిడుతున్నాడు. ఎవరి బండి అనుకున్నారు అది?"

"ఎవరిది?" అన్నాను నేను. తెలిసే అడిగాను. అతని ముఖం వెలగడం చూడాలని.

"వాడిదే! తన తోకని తానే తరుముకుంటున్నాడు!"

ఓడెల్ తొడ చరిచాడు. కార్లెట్ పెదవి కొస కాస్త వణికింది, ఏడుపో నవ్వో తెలీలేదు.

"నవ్వుతారేం? ఊరంతా గుండ్రంగా బండి. ఉంగరంలో వేలు ఇరుక్కున్నట్టు ఇరుక్కుపోయాం. లోపలున్నవాడు లోపల, బయటున్నవాడు బయట."

"అందుకా!" అంది ఆర్నెటా టోపీ సర్దుకుంటూ. "మా ఆయన సిగరెట్లు తెస్తానని అర్కాన్సా పోయి ఇంకా రాలేదు, పాపం. బండి అడ్డమొచ్చి ఉంటుంది."

"అతనికి నేనే చెయ్యి ఊపి రమ్మన్నాను, ఆర్నెటా. నువ్వు కనపడి ఆగిపోయాడు."

"నీ నోట్లో జెల్ల చేప ముల్లు గుచ్చుకోను!"

ఈసారి కార్లెట్ నవ్వింది. నవ్వుతూనే గోపురం వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" హోషియా గొంతు పెంచాడు. "బండి నదికి రెండు చోట్ల అడ్డం పడిందా, నీళ్లు ఆగిపోయాయి. వెనక్కి పొంగుతున్నాయి. బార్జీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి, బొగ్గు మీద సోయా గింజలు, సోయా గింజల మీద ఇసుక. మేయరు పరుగెత్తుకొచ్చాడు. హోషియా గారూ, మీరే దిక్కు అన్నాడు. నేనన్నాను, బండి జోలికి పోవద్దు, అది నా మీద ప్రేమతో వచ్చింది, దాని మనసు నొప్పించలేను. నదినే పక్కకి జరుపుదాం అన్నాను."

"నదిని," అన్నాడు ఓడెల్.

"నదినే."

"కొస ఎక్కడ దొరికింది నీకు?"

"అది తెలిసుండాలి. తెల్లవారకముందు మంచు పడే వేళ నది మంచి నిద్రలో ఉంటుంది. అప్పుడు ఒడ్డున, పక్క దుప్పటిలాగా, అంచు కాస్త మడత పడుతుంది. చప్పుడు కాకుండా ఆ మడత పట్టుకున్నాను. ఇంజినుకి కట్టాను. మెల్లగా, చంటిపిల్లని జరిపినట్టు అర్కాన్సా వైపు జరిపాను. కావలిస్తే గట్టు మీద నిలబడి చూసుకో. మనవైపు ఎత్తుగా పొడిగా లేదూ? వాళ్ల వైపు బురద కాదూ? ఎవరి పని అనుకున్నావు?"

సరిగ్గా అప్పుడే నది వైపు నుంచి పడవ కూత వినపడింది. పొడుగ్గా, ఒక్కసారి. పనివాళ్లని రమ్మని మొదటి పిలుపు. రెండోది వినపడిందంటే తాళ్లు విప్పేస్తారు.

కార్లెట్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. గౌను అంచు పిడికిట్లోకి తీసుకుంది. నేను చూసేసరికి హోషియా కుర్చీ ఇంకా జరిగి మెట్ల నడినెత్తిన ఉంది. దాటాలంటే అతని మోకాళ్ల మీంచే దాటాలి.

"బాబాయ్, జరుగు."

"జరుగుతాను, విమానాల మాట ఒక్కటి చెప్పి జరుగుతాను. బండికి సిగ్నలు ఇద్దామని ఒక రాత్రి యార్డులో లాంతరు ఊపుతున్నాను. నా ఊపు ఎలాంటిదో తెలుసుగా? పైన పోతున్న విమానం వాడు చూశాడు. మనల్నే రమ్మంటున్నారు కాబోలు, మర్యాదస్తులు, అని దిగిపోయాడు. వాణ్ణి చూసి వెనకాలవాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. నేను బండిని పిలుస్తూ ఊపుతూనే ఉన్నాను, ఆకాశం ఖాళీ అయిపోతోంది! తెల్లారి చూస్తే దేశంలో ఉన్న పార్సిళ్లన్నీ మన ఊళ్లో కుప్ప. అలవాటైపోయింది వాళ్లకి. ఇప్పటికీ న్యూయార్కువాడు పక్క వీధివాడికి జత మేజోళ్లు పంపాలన్నా అవి రాత్రికి మెంఫిస్ వచ్చి పడుకుని లేచి పోవాల్సిందే."

"ఆ హైవేలు కూడా నువ్వేనా?" అంది ఆర్నెటా. ఆమె కూడా తమాషాలో పడిపోయింది.

"అది నా తప్పు కాదు, మా ఆవిడది. దారులెట్లా వెయ్యమంటారు హోషియా గారూ అని పెద్ద మ్యాపు పట్టుకుని ఇంజనీర్లు భోజనం వేళకి వచ్చారు. మా ఆవిడ అప్పుడే స్పగెట్టీ వడ్డిస్తోంది, కాల్చిన పంది మాంసం సాసు కలిపి. గరిటె జారి మ్యాపు మీద పడింది. నేను తుడిచేలోపలే, అర్థమైంది సార్ అని చుట్టచుట్టుకుని పోయారు. ఆ ఊరవతల కూడలి ఉందే, ఒకదాని కిందనుంచి ఒకటి దూరి ఎటు పోతుందో తెలీని కూడలి, అది మా ఆవిడ చేతి వంటే. ఇప్పటికీ ఆ వంపు తిరిగితే నాకు సాసు వాసన వస్తుంది."

ఓడెల్ కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కార్లెట్ నవ్వలేదు. అతని ఎదురుగా నిలబడి, రెండు చెప్పులూ ఒక చేతిలో, నడుం మీద ఇంకో చెయ్యి.

"బాబాయ్, నువ్వు నదిని జరిపావు కదా?"

"జరిపాను."

"విమానాల్ని దింపావు కదా?"

"అన్నిటినీ."

"అయితే ఈ ఒక్క బండిని కదిలించు."

హోషియా అటు చూశాడు, ఇటు చూశాడు. బండి కొండలా నిలబడి ఉంది.

"ఎందుకు కదిలించను? ఈల వేస్తే చాలు. కానీ దానికో పద్ధతుంది. నేను ఈల వేసేటప్పుడు ఒక్క మనిషీ వసారా దిగకూడదు. బండికి మొహమాటం."

"వెయ్యి."

పెదాలు తడుపుకున్నాడు. ఊదాడు. గాలి వచ్చింది, ఈల రాలేదు. టీ అడిగాడు, ఇచ్చాను. నింపాదిగా, గుటక గుటకకీ ఆగి తాగాడు. మళ్లీ ఊదాడు. ఈసారి బ్రహ్మాండంగా మోగింది. ఎదురింటి కుక్క పరుగెత్తుకొచ్చి అతని పాదాల దగ్గర కూచుంది.

ఇక ఓడెల్ వల్ల కాలేదు. "కార్లెట్, ఎంతసేపు వింటావే ఇతని మాటలు! నేను లారీ తోలుకుని ఆ యార్డుకి పోయేవాణ్ణి, నాకు తెలీదా? ఇతను పట్టా మీద పనిచేసిందెక్కడ? యార్డు క్యాంటీన్లో వంటవాడు! జీవితమంతా ఇతను కదిలించింది జెల్ల చేపల్ని, పెనం మీంచి పళ్లెంలోకి. అవీ ఒక్కోసారి మాడిపోయేవి."

ఆర్నెటా టోపీ జారిపోయేటట్టు నవ్వింది. కార్లెట్‌కి కూడా పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. పాపం, పొద్దుటినుంచీ బిగబట్టిన నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. నవ్వి నవ్వి, చేతి వెనక భాగంతో కళ్లు తుడుచుకుని, "నా పెళ్లి రోజున ఇంత నవ్వించావు బాబాయ్, చాలు. వస్తాను," అని వంగి అతని నుదుటి మీద ముద్దు పెట్టింది. అతను ఆ ముద్దుకి కాస్త పక్కకి ఒరిగాడు. ఆ సందులోంచి మెట్లు దిగబోయింది.

హోషియా చేతికి ఆమె పెళ్లి ముసుగు కొస దొరికింది. పట్టుకున్నాడు.

"చిరిగిపోతుంది బాబాయ్!"

"ఒక్కటి తల్లీ, ఇంకొక్కటి..."

"ఏంటది?"

నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. అన్నేళ్లనుంచి ఎరుగుదును ఆ మనిషిని. అతని నోట్లో మాట లేకపోవడం నేను చూడడం అదే మొదలు. ముసుగు మాత్రం వదల్లేదు. కార్లెట్ ఒక్క అడుగు వేసింది, ముసుగు బిగుసుకుంది, తలకి గుచ్చిన పిన్నులు లాగి "అబ్బా" అని ఆగింది.

అప్పుడు దూరంగా, ఎక్కడో బండి ముందువైపు నుంచి చప్పుడు మొదలైంది. ఇంజిను లాగినప్పుడు కొక్కేల మధ్య వదులు ఒక్కో పెట్టెకీ ఒక్కో పెట్టెకీ బిగుసుకుంటూ వచ్చే చప్పుడు. ధణ్, ధణ్, ధణ్, ధణ్ అని మా మీదికి పరుగెత్తుకొచ్చింది. మా ఎదురుగా, ఆమె ఎక్కబోయిన రెండు పెట్టెలూ ఉలిక్కిపడ్డట్టు ఎగిరాయి. నిచ్చెన ఊగిపోయింది. కాలు పెట్టాలనుకున్న ఆ ఇనుము ఒకదాన్నొకటి కొరుక్కుంది. మెట్ల కింద నేల కూడా వణికింది. ఆ చప్పుడు మమ్మల్ని దాటి అలాగే తోక వైపు పోయింది.

కార్లెట్ ఉన్నచోటే మెట్టు మీద కూలబడింది. చెప్పులు ఎక్కడో పడ్డాయి. నేను కూరగాయల సంచీతో దూరిన రోజులు వరసగా కళ్లముందు తిరిగాయి.

బండి కదిలింది. మెల్లగా, ఏమీ ఎరగనట్టు.

ముందు తెలివి తెచ్చుకున్నది ఆర్నెటా. "చెప్పులు! చెప్పులెక్కడ? ఓడెల్, కారు తియ్యి! లేవవే, నీ మొగుడు నదిలో పోతున్నాడు!" ఆఖరి పెట్టె దాటడం, గేటు లేవడం, కారు ఎగిరి పట్టాలు దాటడం, అన్నీ ఒకేసారి అయినట్టనిపించింది. కిటికీలోంచి ముసుగు జెండాలా ఎగురుతోంది. నేనూ హోషియా వెనకాల నడిచాం. మామూలుగా నాకంటే ముందుండేవాడు, ఆ రోజు నా మోచెయ్యి పట్టుకుని నడిచాడు.

పాస్టర్ గారు అంత చిన్న ప్రార్థన చెయ్యడం నా జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఉంగరాలు మార్చుకోవడం అయిందో లేదో పడవ రెండో కూత వేసింది. ముద్దు కూడా పరుగులోనే. లిండెల్ ఒక చేత్తో పెళ్లాన్ని, ఇంకో చేత్తో కేకు ముక్కని పట్టుకుని ఓడెల్ కారు వైపు పరుగెత్తాడు. జనం అంతా వెనకాలే, బియ్యం చల్లుతూ. కార్లెట్ మధ్యలో ఆగి, కేకు ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. కారు నది రేవు వైపు దూసుకుపోయింది. ఆ తర్వాత తెలిసింది, పడవవాళ్లు ఆఖరి తాడు విప్పకుండా అతని కోసం పట్టుకుని నిలబడ్డారట. గట్టు మీద తెల్ల గౌను కనపడగానే పడవలో వాళ్లంతా చేతులు ఊపారట.

చర్చి మెట్ల మీద ఆర్నెటా అప్పటికే అందరికీ చెప్పేస్తోంది, హోషియా ఈల, కుక్క, నది, స్పగెట్టీ. మనుషులు వచ్చి అతని వీపు తడుతున్నారు. "చెప్పవయ్యా, ఈల ఎలా వేశావు?" అంటున్నారు. వేరే రోజైతే గంటసేపు చెప్పేవాడు. ఆ రోజు తల ఊపి ఊరుకున్నాడు. పండ్లరసం గ్లాసు పట్టుకుని పక్కకి పోయి ఒక మెట్టు మీద కూచున్నాడు.

ఎందుకలా ఉన్నాడో ఇక్కడ పాతవాళ్లం కొందరికి తెలుసు. వయసులో ఉన్నప్పుడు క్యాంటీన్ నుంచి పట్టాల దగ్గరికి కాఫీ మోసుకెళ్లేవాడు. ఒక మధ్యాహ్నం అలాగే వెళ్తే, రోజూ తనతో జోకులేసే కుర్రాడు ఆగిన బండి పెట్టెల మధ్య దూరుతున్నాడు. చప్పుడు వచ్చింది. కాఫీ వేడి తగ్గకముందే అంతా అయిపోయింది. హోషియా ఆ మాట మాకు చెప్పింది ఒక్కసారే. పెళ్లికూతురికి చెప్పే మాట కాదది. వద్దమ్మా అంటే మా వాడలో వినేవాళ్లూ లేరు. అందరం దూరినవాళ్లమే కదా. అందుకే పాపం ఆ మనిషి, తన దగ్గరున్న కోతలన్నీ తెచ్చి ఆ మెట్లకి అడ్డం పెట్టాడు.

జనం కాస్త పలచబడ్డాక అతని పక్కన కూచున్నాను. "ముసుగు పట్టుకుని ఇంకొక్కటి అన్నావే, ఏం చెప్దామనుకున్నావు?" అని అడిగాను.

రసం ఒక గుటక తాగాడు. సూటు మీద పడ్డ బియ్యం గింజ ఒకటి తీసి పారేశాడు. ఇంటికి పోవడానికి లేస్తూ, ఇటు వంగి, ఎవరూ వినకుండా అన్నాడు:

"ఏం మిగల్లేదు ఇనెజ్. ఇంకొక్క క్షణం ఆ బండి కదలకపోతే ఆ పిల్లకి నిజం చెప్పాల్సొచ్చేది. ఈ వయసులో ఎంత అప్రదిష్ట నాకు!"